పుస్తకంలో అక్క పోయిన సాయంత్రం

మే నెలలో పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. యూనివర్సిటీలో సీటు వచ్చిన సంతోషం ఇంకా తీరనే లేదు, అంతలో ఇదేమిటా అని విప్పి చూశాను. కొత్తగా చేరబోయే పిల్లలందరికీ అదే పుస్తకం పంపారట. సెలవుల్లో అందరూ అది చదివి రావాలి. ఒంటరిగా కూర్చుని చదివితే చాలదు, ఇంట్లో ఎవరో ఒకరిని పక్కన పెట్టుకుని చదవాలి. తరగతులు మొదలయ్యే రోజు హాల్లో లేచి నిలబడి, ఎవరితో చదివాం, ఏం మాట్లాడుకున్నాం అన్నది చెప్పాలి. వీలైతే ఆ మనిషిని కూడా వెంట తీసుకురావాలి. పుస్తకమేమో ఇంగ్లీషు. నేనేమో పన్నెండో తరగతి దాకా తమిళంలో చదివినదాన్ని. మొదటి పేజీ చూడగానే మూసేశాను.

ఎవరితో చదవాలన్న ప్రశ్నే రాలేదు. అమ్మ బనియన్ కంపెనీకి పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళకు గాని రాదు. నాయన మిల్లు వ్యాను డ్రైవరు, ఆయన రాకపోకలకు లెక్కే లేదు. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, నాయనను కన్న మా అవ్వా.

అవ్వ మా వీధికి మూగది. నిజానికి అవ్వంత మాటకారి ఈ భూమ్మీద ఇంకొకరు నాకు తెలియదు. తాత పోయాక మధురైలో మా వాళ్ళ కాలనీ నుంచి ఆమెను కోయంబత్తూరు పక్కన సూలూరుకు తెచ్చుకున్న రోజే నాయన గట్టిగా చెప్పేశాడు. "అమ్మా, తలుపేసినాక నీ ఇష్టం. గడప దాటితే మాత్రం నోరు విప్పొద్దు. ఈ ఇల్లు గూడా పోతే పిల్లను పెట్టుకోని నేను యాడికి పోయేది? ఎవురికన్నా తెలిసిందా, నిన్ను మధురైకి పంపేస్తా, ఆమీదట నన్ను తిట్టొద్దు." అవ్వకు తమిళం అర్థమవుతుంది గాని, మాట్లాడబోతే మొదటి మాటకే తెలుగు బయటపడుతుంది. ఆ తెలుగు వింటే మేమెవరమో తెలిసిపోతుంది.

మా వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళకు చెప్పాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళలో పొలాలూ మిల్లులూ ఉన్నవాళ్ళున్నారు, వీధులు ఊడ్చి చెప్పులు కుట్టి కాలవలు తీసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నోట్లో తెలుగు పెద్దరికం, మా నోట్లో అదే తెలుగు మచ్చ. సూలూరుకు రాకముందు గాంధీపురం వెనక సందులో ఉన్నప్పుడు అమ్మ ఫోనులో తాతతో మాట్లాడుతుంటే ఇంటివాళ్ళు విన్నారు. నెల తిరక్కముందే ఖాళీ చేయమన్నారు. వాళ్ళ చుట్టాలు వస్తున్నారట. ఆ చుట్టాలు ఇప్పటికీ రాలేదనుకుంటాను.

సూలూరు ఇంటామె పొలాలున్న తెలుగువాళ్ళ మనిషే. వీధిలో అందరితో తమిళమే మాట్లాడేది. ముందు భాగంలో వాళ్ళు, వెనక భాగంలో మేము, మధ్యన ఒక్క గోడ. అందుకే నాయనకు అంత భయం. తమిళులైతే మా మాట విని పొరబడడానికైనా వీలుంది, ఆమె పొరబడదు. ఆ ఇల్లు దొరికే ముందు నాయన ఎన్ని వీధులు తిరిగాడో నాకు తెలుసు కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మనకు నోరు మూస్తేనే ఊరు మంచిది" అనేవాడు. ఇంట్లో కూడా టీవీ గట్టిగా పెట్టి ఆ చప్పుడు కింద మాట్లాడుకునేవాళ్ళం. గోడలకు చెవులుంటాయని రోజుకొకసారి గుర్తుచేసేవాడు.

సాయంత్రం అవ్వ అరుగు మీద కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే నోటి మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపేది. "పావం, ఊమై", పాపం మూగది అనుకుంటూ ఆడవాళ్ళు సాగిపోయేవాళ్ళు. లోపలికొచ్చి తలుపేశాక అవ్వ వాళ్ళను ఒక్కొక్కరినే ఉతికి ఆరేసేది. "ఆ ఎర్ర చీరదాని నడక చూసినావా పాపా? బాతుకన్నా కొంచెం సిగ్గుంటాది." నేను దిండు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. నవ్వు అయిపోయాక మాత్రం ఒక సంగతి గుర్తొచ్చేది. ఇంత మనిషిని నాలుగేళ్ళుగా మూగదాన్ని చేసి అరుగు మీద కూర్చోబెట్టాం.

పుస్తకం ఎట్లా చదవాలో అవ్వే చెప్పింది. ఆమె చిన్నప్పుడు మధురైలో వాళ్ళ చర్చిలో అయ్యగారు తమిళంలో ఒక వాక్యం చెప్పి ఆగేవాడట. కాలనీ పెద్ద ఒకాయన పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెప్పేవాడట. ఆయన ముగించేదాకా అయ్యగారు రెండో వాక్యానికి పోకూడదు, అది పద్ధతి. "అట్ల చెయ్యి. ఒగ మాట నువ్వు చదువు, ఒగ మాట నాకియ్యి. నాకిచ్చేదాకా ముందుకి పోవద్దు" అంది. సరేనన్నాను. ఫోనులో అర్థాలు వెతుక్కుంటూ, ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, దాన్ని తెలుగులో అవ్వకివ్వడం. ఇప్పుడు ఇది రాస్తున్న తెలుగు అక్షరాలు నేను యూనివర్సిటీలో చేరాక నేర్చుకున్నవి. అప్పటికి నాకు తెలుగు నోట్లోనూ చెవిలోనూ ఉందే తప్ప కంట్లో లేదు. రోజుకు రెండు పేజీలు నడిస్తే గొప్ప.

కథ చిన్నదే. కొండ ఊళ్ళో ఒక చిన్న రైల్వే స్టేషను. అక్కడ అక్కాచెల్లెళ్ళిద్దరు టీ అంగడి పెట్టుకుని బతుకుతుంటారు. ఒకనాడు ఆ దారిలో రైళ్ళు ఆపేస్తారు. ఊరు ఖాళీ అయిపోతుంది. అక్క మాత్రం అంగడి మూయనంటుంది. చెల్లెలు ఆమెను వదిలిపోలేదు, ఉండిపోనూలేదు.

అవ్వ ఊరికే వినే రకం కాదు. "ఆ చెల్లెలికి పెండ్లి కాలేదా?" అనేది. కాలేదన్నాను. "మరి చెప్పరేంది? వయసెంత?" రాయలేదన్నాను. "ఏం రాతలమ్మా, వయసు గూడా రాయకుండా!" అక్క దగ్గుతోందని చదివిన రోజున అవ్వ ముఖం మారిపోయింది. "అది మంచి దగ్గు కాదు పాపా. రెయ్యి పూట దగ్గుతాందా, పగులు దగ్గుతాందా?" అని అడిగింది. ఆ తర్వాత రోజూ అన్నం తినేటప్పుడు కూడా "దానికెట్లుందో ఏమో" అనేది, పక్క వీధిలో చుట్టం మంచాన పడినట్టు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం అక్క చచ్చిపోయే అధ్యాయానికి వచ్చాం. టీవీలో ఏదో సీరియల్ మోగుతోంది. నేను చదువుతూ, ఇస్తూ పోతున్నాను. టీ కాగుతుండగా అక్క పొయ్యి పక్కనే ఒరిగిపోయింది. చెల్లెలు గ్లాసు పట్టుకుని పిలుస్తోంది, అక్క పలకలేదు. ఆ వాక్యం అవ్వకిచ్చాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. టీవీ ఆగిపోయింది.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. చావు కబురు చెవిన పడితే ఏడవాలి. ఎవరూ ఏడవని చావు వాకిలి పట్టుకుని తిరుగుతుందంటారు. శోకం ఒకసారి ఎత్తుకున్నాక మధ్యలో ఆపకూడదు, ఆపించకూడదు. ఆ అక్క కోసం ఆ కొండ మీద ఏడ్చే ఆడమనిషి చెల్లెలు తప్ప ఇంకెవరూ లేరు. అవ్వ కొప్పు విప్పింది. రొమ్ము మీద ఒక దెబ్బ వేసుకుంది. గొంతెత్తింది.

"బండి రాకపాయెనా అక్కా, పట్టాలు తుప్పు పట్టెనా! పొయ్యి ఆరకముందే నువ్వారిపోతివా! నీళ్ళు సలసల కాగుతాండాయే, గ్లాసు పట్టుకోని నేను నిలబడితినే, ఒగ గుక్కన్నా తాగి పోకపోతివా అక్కా!"

నాలుగేళ్ళు మూసిపెట్టిన గొంతు అది. వీధి చివరి మరమగ్గాలు కూడా కరెంటు లేక ఆగిపోయి ఉన్నాయి, దాంతో ఇంకా పెద్దగా వినబడింది. నేను "అవ్వా, అవ్వా" అని చేయి పట్టుకున్నాను. నోరు మూయబోయాను, చేయి రాలేదు. ఆపకూడదు గదా. ఈలోగా వాకిట్లో చెప్పుల చప్పుడు. ఎర్ర చీర ఆమె, పాల ఆమె, పక్కింటి ఇద్దరు కోడళ్ళు, అందరి వెనకా ఇంటామె. చావు జరిగిన ఇంటికి వచ్చినట్టే కొంగులు సర్దుకుని వచ్చారు.

"యారుమా? యారు పోయిట్టాంగ?" అని ఇంటామె తమిళంలో అడిగింది. ఎవరు పోయారని.

పుస్తకం ఎత్తి చూపించాను. "ఇందులో... ఇందులో అక్క" అన్నాను తమిళంలో. కోడలు పిల్ల ఒకతె కిసుక్కుమంది. ఎర్ర చీర ఆమె అవ్వనే చూస్తూ, "ఊమై అనుకున్నామే, తెలుగు మనిషా!" అంది. ఇంటామె అవ్వ శోకం పూర్తయ్యేదాకా గడప అవతల అట్లాగే నిలబడి, తర్వాత వెళ్ళిపోయింది. అవ్వ ముక్కు చీది, కొప్పు ముడేసుకుని, అప్పుడు వాకిట్లో జనాన్ని చూసింది. వెంటనే వేలు నోటి మీదికి పోయింది. ఆ వేలును చూసి నేను ఏడ్చాను.

ఆ రాత్రి నాయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడింది" అని మాత్రం అన్నాడు. ఇంటామె నోటితో చెప్పకముందే అవ్వను మధురైలో చిన్నాయన దగ్గరికి పంపేస్తే, కనీసం నేను చదువులో చేరేదాకా మమ్మల్ని ఉండనిస్తుందేమోనని ఆయన ఆశ. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. "పుస్తకం గదా నాయనా, పుస్తకంలో చావు గదా!" అన్నాను. అవ్వే నన్ను ఆపింది. "పోతా లేమ్మా. నీ సదువు చెడిపోకూడదు. కడమ కథ నాకు చెప్పకుండా ఒగ పేజీ గూడా తిప్పొద్దు, సరియా?" పొద్దున్నే ఒక చేతిసంచితో నాయన ఆమెను మధురై బస్సు ఎక్కించాడు. బస్సు కదిలేదాకా అవ్వ నోటి మీద వేలు తియ్యలేదు, పక్క సీటులో ఎవరో ఉన్నారని.

ఇంటామె ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఖాళీ చేయమని ఎప్పుడంటుందోనని అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగేది. తర్వాత ఒక ఉదయం కొళాయి దగ్గర నేను బిందె పట్టుకుంటుంటే ఆమె వచ్చి కొంచెం దూరంలో నిలబడింది.

"పాపా, మీ అవ్వ ఎక్కడికి పొయ్యింది?"

తెలుగులో అడిగింది. ఆమె నోట తెలుగు వినడం నాకదే మొదలు. మధురైకి అన్నాను.

"అయ్యో. ఆ చెల్లెలు ఆమీదట ఏం చేసింది? అంగడి మూసేసిందా?"

బిందె నిండి పొర్లుతోంది, నాకు తెలియనే లేదు. "మీకెట్లా తెలుసమ్మా ఆ కథ?" అన్నాను.

"నా పడక గోడ పక్కనే కదా. టీవీలో తమిళం, కింద మీ తెలుగు. మీరు వచ్చిన మొదటి నెలలోనే తెలిసింది."

"మరి..."

"మొదట పంపించేద్దామనే అనుకుంటి, అబద్ధమెందుకు. అప్పుడే మా అత్త పోయింది. ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒకతే. కొడుకు, కోడలు, పిల్లలు, అందరిదీ తమిళం, ఇంగ్లీషు. సాయంత్రమయితే గోడ పక్కన కూర్చుని మీ అవ్వ మాటలు వింటా ఉంటి. నన్ను గూడా తిట్టింది ఒకరోజు. నవ్వుకుంటి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒక్క మాట చెప్పింటే మా అవ్వ నాలుగేండ్లు నోరు మూసుకోని కూర్చోనుండదు కదమ్మా! మీరు ఊరికే వింటా ఉంటిరి, ఆమె మీకు భయపడతా ఉండె!" అన్నాను. ఇంటామెతో అట్లా మాట్లాడడం మా ఇంటా వంటా లేదు. ఆమె కోపపడలేదు.

"మీరు దాచుకుంటిరి. తెలుసని చెప్తే మీరే లేచి పోతారనుకుంటి" అంది. నేను నా బిందె తీసుకుని పక్కకు జరిగాకే ఆమె తన బిందె కొళాయి కింద పెట్టింది. పెట్టేముందు కొళాయిని నీళ్ళతో కడిగింది. అది కూడా చూశాను.

సాయంత్రం నాయనకు అంతా చెప్పాను. విన్నాడు. లేచి వెళ్ళి టీవీ ఆపేశాడు. ఆ చప్పుడు లేకుండా మా ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. "మొదటి నెలలోనేనా?" అని తెలుగులో, మామూలు గొంతుతో అడిగాడు. అవునన్నాను. "ఆదివారం పోయి తెచ్చుకుందాం" అన్నాడు.

దిండిగల్ మీదుగా మధురై పోయాం. దారి పొడుగునా నాయన అవ్వకు ఏం చెప్పాలో పెదవులు కదుపుతూనే ఉన్నాడు. కాలనీ వీధిలోకి తిరగకముందే అవ్వ గొంతు వినబడింది. ఒక మెట్టు మీద కూర్చుని ఉంది, చుట్టూ ఆడవాళ్ళు. మా పుస్తకమే చెబుతోంది. అక్కకు ఒక వయసు పెట్టింది, చెల్లెలికి ఒక మేనమామను పుట్టించింది, ఆ మేనమామ చేత నాలుగు తిట్లు కూడా తిట్టిస్తోంది. వీధంతా వినబడేట్టు నవ్వుతోంది. నాలుగేళ్ళలో ఆ నవ్వు నేను వినలేదు. మా ఇంట్లో నవ్వినప్పుడు అరచేయి అడ్డం పెట్టుకునేది.

నాయన ఆమె ముందు కింద కూర్చున్నాడు. "రామ్మా, పోదాం. ఇంటామెకు ముందే తెలుసంట. ఇంక భయం లేదు."

"ఎవురికి భయం లేదురా?" అంది అవ్వ. కోపంగా అనలేదు. "నువ్వు భయపడితివి, నేను నోరు మూసుకుంటి. ఇప్పుడు నీ భయం పొయ్యిందని నా నోరు రమ్మంటే వస్తాదా? ఆ అరుగు మీద కూచ్చొని ఉండేది ఊమది. దాన్ని పెట్టుకోండి మీరు. నేను ఈడనే ఉంటా."

"అమ్మా..."

"పోరా నాయనా. నీ మీద కోపం లేదు. నీ బిడ్డ కోసరం చేసినావు, నా బిడ్డ కోసరం నేనూ చేసినా. ఇంక చాల్లే." ఆయన తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది. "పేజీ తిప్పినావా?"

తిప్పలేదన్నాను. ఆ మెట్టు మీదే చివరి అధ్యాయం చదివాను. ఒక మాట నేను చదవడం, ఒక మాట అవ్వకివ్వడం, అవ్వతోపాటు వీధికివ్వడం. మర్నాటి పొద్దున చెల్లెలు లేచి పొయ్యి వెలిగిస్తుంది. రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. ఒకటి తాగి, రెండోది పట్టాల మీద ఒంపి, అంగడికి తాళం వేసి పట్టాల వెంట నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. అంతే, అయిపోయింది అన్నాను.

"పొయ్యి ఆర్పే పొయ్యిందా?" అని అడిగింది అవ్వ.

"రాయలేదవ్వా."

"ఆర్పుండదు" అంది. "ఎవురైనా వస్తే టీ కాంచుకుంటారని ఇడిసిపెట్టుంటాది." మమ్మల్ని బస్టాండు దాకా దిగబెట్టడానికి రాలేదు. మోకాళ్ళ నొప్పి అంది.

తరగతులు మొదలయ్యే రోజున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. రమ్మని నేనడగలేదు, ఆయనే బయలుదేరాడు. హాల్లో ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ పక్కన ఇంకో కుర్చీ వేశారు. నా పక్క కుర్చీలో నాయన కూర్చోలేదు. "అది మా యమ్మది" అని వెనక నిలబడ్డాడు. అన్నలతో చదివినవాళ్ళు, అమ్మలతో చదివినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. నా వంతు వచ్చింది. మా అవ్వతో చదివాను, ఆమె మధురైలో ఉంది, రాలేకపోయింది అని తమిళంలో చెప్పాను. ముందు నిలబడి వింటున్న లెక్చరర్ మేడమ్ నవ్వుతూ, "అవ్వకు ఇంగ్లీషు వచ్చా? ఏ భాషలో చదివారు?" అని తమిళంలోనే అడిగింది.

చిన్న ప్రశ్నే. బడిలో ఇంటి భాష ఏదంటే ప్రతి ఏడాదీ తమిళమనే చెప్పాను. నా నాలుక ఆ మాట వైపే పోయింది. మిల్లులున్నవాళ్ళ పిల్లలు రెండు వరసల ముందు కూర్చుని ఉన్నారు, వాళ్ళమ్మలు వాళ్ళతో తెలుగులో గలగలా మాట్లాడడం పొద్దున్నే విన్నాను. నేను తల తిప్పి నాయనను చూశాను.

"తెలుగులో మేడమ్" అన్నాడు నాయన, తెలుగులో. ముందు వరసల్లో తలలు తిరిగాయి. "మా యమ్మకు తెలుగులో చెప్పింది ఈ పాప."

మేడమ్‌కు అర్థం కాలేదు. నావైపు చూసింది. నేను ఆ మాట తమిళంలో చెప్పాను. నాయన నేను ముగించేదాకా ఆగి, తర్వాతి మాట ఎత్తుకున్నాడు.

"మా యమ్మ ఊమదని నాలుగేండ్లు వీధినంతా నమ్మించినాను." చెప్పాను. "మా తెలుగు వింటే ఇల్లు ఇయ్యరని." చెప్పాను. "ఈ పుస్తకంలో సచ్చిపోయినామె కోసరం మా యమ్మ గొంతెత్తి ఏడ్చింది." చెప్పాను. "దానికి నేను మా యమ్మను బస్సెక్కించి పంపేసినాను." అది కూడా చెప్పాను.

"ఇప్పుడు రమ్మంటే రానంటాది" అన్నాడు.

ఆ చిన్న మాటను తమిళంలోకి తేవడానికి నాకు చాలాసేపు పట్టింది. నేను పూర్తిచేసేదాకా నాయన ఆ ఖాళీ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.